డ్యూటీ చేస్తూ చదువుకునే నర్సుకి దారేది?

— ఒక బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికలో ప్రతి ఏడూ విద్యావిధానం మీద ఒక వ్యాసం, నిరుద్యోగం మీద ఒక వ్యాసం, వరకట్నం మీద ఒకటో రెండో కవితలు తప్పనిసరిగా ఉంటాయి. అవి అక్కర్లేదని నేననను. కానీ చదువు అనేసరికి మనకి గుర్తొచ్చేది ఇరవై ఏళ్ల పిల్లలూ, హాస్టలూ, పరీక్షా ఫలితాలూ మాత్రమే. ఒక పక్క ఉద్యోగం చేస్తూ, ఇంకో పక్క ఇంటి బరువు మోస్తూ, ఇంకా చదవాలని ఆశపడేవాళ్ల గురించి మనమెవరమూ మాట్లాడుకోం. అందులోనూ నర్సుల సంగతి అసలే ఎత్తం. జబ్బు చేసి మంచాన పడ్డామా, అప్పుడు మాత్రం నిమిషానికోసారి "సిస్టర్, సిస్టర్" అని పిలుస్తాం.

రసాయనశాస్త్రం రికార్డులే సకాలంలో రాయనివాడికి ఈ విషయంలో వేలు పెట్టే అర్హత ఏమిటని మా లెక్చరర్లు నవ్వుకోవచ్చు. నాకున్న అర్హత ఒక్కటే. మా పెద్దక్క స్టాఫ్ నర్సు. ఆమె తెచ్చే జీతంలోంచే నా హాస్టలు మెస్సు బిల్లు కట్టబడుతోంది. ఆమె మళ్లీ చదువుకోవాలనుకుంటోంది. ఎలా చదవాలో మా ఇంట్లో ఎవరికీ తెలియడం లేదు. తెలుసుకుందామని నాలుగు చోట్ల విచారించి, దొరికినంత చదివి రాస్తున్నదే ఈ వ్యాసం.

ముందు ఈ నర్సింగ్ చదువుల మెట్లు ఎలా ఉన్నాయో చెప్పాలి. మనలో చాలామందికి ఏ.ఎన్.ఎం.కీ, జి.ఎన్.ఎం.కీ తేడా తెలియదు. ఏ.ఎన్.ఎం. రెండేళ్లు. మన ఊళ్లకి వచ్చి టీకాలు వేసేది వీళ్లే. జి.ఎన్.ఎం. అనేది డిప్లొమా, ఇప్పుడు మూడేళ్లు, వెనక మూడున్నరేళ్లుండేది. ఆసుపత్రి వార్డుల్లో మనం చూసే స్టాఫ్ నర్సుల్లో చాలామంది చదివింది ఇదే. ఇంటర్ కాగానే నేరుగా చేరే బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్లు. జి.ఎన్.ఎం. చేసి రిజిస్టరైన నర్సు డిగ్రీ కావాలనుకుంటే పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. అని రెండేళ్ల కోర్సుంది. ఆ పైన ఎం.ఎస్సీ. రెండేళ్లు. డిప్లొమా దగ్గర ఆగిపోయిన మనిషి పైకెక్కడానికి ఉన్న నిచ్చెన ఈ పోస్ట్ బేసిక్ ఒక్కటే. నా గోడంతా దాని గురించే.

ఇదేమీ నిన్నా మొన్నా వచ్చిన చదువు కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల పెట్టింది. ఆవిడ్ని దీపం పట్టుకున్న దేవతగానే మన పాఠ్యపుస్తకాలు చూపించాయి గాని, ఆవిడ గొప్ప గణాంకవేత్త అని, క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా అంటురోగాలతోనే ఎక్కువమంది చచ్చారని వృత్తాకారపు పటాలు గీసి ప్రభుత్వానికి నిరూపించిందని ఎవరూ చెప్పలేదు. మన దేశంలో నర్సింగ్‌లో డిగ్రీ చదువు 1946లో ఢిల్లీలోనూ, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనూ మొదలైంది. మరుసటి ఏడే, 1947లో, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1959లో ఢిల్లీలో మాస్టర్స్ డిగ్రీ, 1963లో తిరువనంతపురంలో డిప్లొమా నర్సుల కోసం రెండేళ్ల డిగ్రీ వచ్చాయి. మనవైపు 1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. (దాని పేరు 2022లో ఒకసారి మార్చి, 2024లో మళ్లీ పాత పేరు పెట్టారు. పేరు మీద జరిగినంత చర్చ ఆ విశ్వవిద్యాలయం కింద చదివే నర్సుల మీద ఎప్పుడైనా జరిగిందా అని నా అనుమానం.) అంటే మన తాతల కాలం నుంచీ ఉన్న చదువే ఇది. అయినా పనిలో ఉన్న నర్సుకి అది ఇంకా అందని పండుగానే ఉందంటే ఎంత శోచనీయం!

మాది నూజివీడు దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోట, అరువు మీద కొంచెం మొక్కజొన్న. అక్క 2015లో జి.ఎన్.ఎం.లో చేరినప్పుడు నాన్న ఆ ఏటి కాపు కాయ కనపడకముందే తోట బేరగాడికి ఇచ్చేసి ఫీజు కట్టాడు. 2018లో అక్క విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. మొదటి జీతం నెలకి 9,000. ప్రైవేటు నర్సుల జీతాల గురించి సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మాట మీద కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకలు కూడా లేని చిన్న ఆసుపత్రిలోనైనా 20,000కి తగ్గకూడదని సిఫార్సు చేసింది. అక్క పనిచేసేది అంతకన్నా చాలా పెద్ద ఆసుపత్రి. సిఫార్సు ఆ ఆసుపత్రి గేటు దాకా వచ్చి ఆగిపోయినట్టుంది.

2020, 2021 సంవత్సరాల్లో ఆమె కోవిడ్ వార్డులో చేసింది. ఆ రెండో ఏడు మేం టెన్త్. పాఠాలన్నీ సెల్‌ఫోన్‌లో విని, పరీక్షలు కూడా రాయకుండానే పాసైపోయిన బ్యాచి మాది. అక్క అప్పుడు పి.పి.ఇ. సూటు వేసుకుని ఆరేసి గంటలు మంచినీళ్లు కూడా తాగకుండా ఆక్సిజన్ మాస్కులు సర్దుతోంది. తర్వాత ఆమెని ఐ.సి.యు.కి మార్చారు. అక్కడికి వెళ్లాకే పై చదువు చదవాలన్న పట్టుదల ఆమెకి కలిగింది.

ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక రాత్రి డ్యూటీ నుంచి వచ్చి నన్నడిగింది: "ఒరేయ్, ఇన్సులిన్ డ్రిప్ పెట్టేముందు పొటాషియం రిపోర్టు చూడాలని మాకు రూలు. చూస్తాం. తక్కువుంటే డాక్టరుకి చెబుతాం. కానీ షుగరు మందుకీ పొటాషియానికీ సంబంధం ఏంట్రా?" అప్పటికి మాకు జీవరసాయనశాస్త్రంలో సోడియం-పొటాషియం పంపు పాఠం అయింది. ఇన్సులిన్ గ్లూకోజుని కణాల్లోకి పంపడమే కాకుండా ఆ పంపు వేగాన్ని కూడా పెంచుతుందని, రక్తంలో ఉన్న పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతుందని, అసలే తక్కువున్నవాడికి అది ఇంకా పడిపోతే గుండె లయ తప్పుతుందని నా నోట్సు చూసి చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే మొన్న తొమ్మిదో బెడ్డు ఆయనకి మానిటర్‌లో గీత మారింది ఇందుకేనన్నమాట" అంది. నాకా పంపు పుస్తకంలో బొమ్మగా తెలుసు. గీత మారిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆమెకి మనిషి తెలుసు, గీత తెలుసు, కారణమే ఎవరూ చెప్పలేదు. డిప్లొమాలో ఈ శాస్త్రాలు అసలు లేవని కాదు, పైపైన ఉంటాయి. పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. సిలబస్ తెప్పించి చూశాను. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోఫిజిక్స్, పోషణశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం, పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్య నర్సింగ్, ఆఖర్న పరిశోధన, గణాంకశాస్త్రం కూడా ఉన్నాయి. ఏడేళ్లు మంచం పక్కన నిలబడ్డ మనిషి ఆ సిలబస్ చదివితే, మనం చదివినట్టు చదవదు. ప్రతి పేజీలోనూ ఆమెకి ఒక రోగి కనపడతాడు.

మరి చేరొచ్చు కదా అంటారా? ఆమె ముందు రెండు తలుపులున్నాయి.

మొదటిది సక్రమమైనది. ఉద్యోగం మానేసి రెండేళ్లు పూర్తికాలం కాలేజీకి వెళ్లడం. జీతం పోతుంది, ఫీజు వస్తుంది. సర్కారు కొలువులో ఉన్నవాళ్లని జీతంతో చదువుకు పంపే పద్ధతి ఉందిగాని, సీట్లు కొన్నే, వరస పెద్దది. ప్రైవేటు ఆసుపత్రి నర్సుకీ, కాంట్రాక్టు నర్సుకీ ఆ వరసలో నిలబడే హక్కే లేదు. పైగా చాలాచోట్ల చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి వాళ్లు తీసి బీరువాలో పెట్టుకుంటారు. మా ఊళ్లో అప్పుకి పట్టాదారు పాసుపుస్తకం తీసుకుంటారే, సరిగ్గా అలాగే. కాలేజీలో చేరాలంటే ఆ కాగితాలు కావాలి. కాగితాలు కావాలంటే బాండు డబ్బు కట్టాలి.

రెండో తలుపు సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. అక్క ఒక కాలేజీకి ఫోను చేసింది. అవతల మాట్లాడినాయన చాలా మర్యాదగా, "మీరు డ్యూటీ మానక్కర్లేదమ్మా. ఫీజు మూడు కంతుల్లో కట్టండి, పరీక్షలకి వస్తే చాలు. అటెండెన్సు, క్లినికల్ రికార్డు మేం చూసుకుంటాం" అన్నాడట. అక్క ఫోను పెట్టేసి చాలాసేపు నవ్వింది. తర్వాత నాతో అంది కదా, "నేను చదువుతానంటే ఎవడూ రానివ్వడంలేదు, చదవనంటే మాత్రం రమ్మంటున్నారు." ఆ కాలేజీ పేరు నేనిక్కడ రాయను. అలాంటిది అదొక్కటే అయితే పేరు రాసేవాణ్ణేమో కూడా.

ఇక్కడ మన మిత్రులు కొందరు ఆ రెండో తలుపులోంచి వెళ్లినవాళ్లని తిట్టడానికి సిద్ధపడతారు. నేను వాళ్లని తిట్టను. నెలకి పదిహేను వేలతో ముసలి అత్తామామల్నీ, ఇద్దరు పిల్లల్నీ సాకుతున్న మనిషికి సక్రమమైన దారిని రెండేళ్ల పస్తుగా మార్చి, అక్రమమైన దారిని మూడు కంతుల ఫీజుగా మార్చిన ఏర్పాటు తప్పుది. డిగ్రీ లేకపోతే ఆమె ట్యూటర్ కాలేదు, ఎం.ఎస్సీ. చదవలేదు. మన రాష్ట్రంలో పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలకి మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లని తీసుకున్నప్పుడు బి.ఎస్సీ. నర్సింగ్ అడిగారు. నిన్నగాక మొన్న కాలేజీ దాటిన అమ్మాయి ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టగలదు. పదేళ్లు వార్డు నడిపిన జి.ఎన్.ఎం. చూస్తూ ఊరుకోవాలి.

మా నాన్న ఈ గొడవంతా విని ఒకే మాటన్నాడు. "కాపుకొచ్చిన చెట్టుని పీకి మళ్లీ నాటతారంట్రా ఎక్కడన్నా?" రైతు మాట, కాదనడానికి లేదు. కానీ ఆయన తోటలోనే దానికి జవాబుంది. మా పాత నాటు చెట్లకి పదేళ్ల కిందట బంగినపల్లి అంటు కట్టింది ఆయనే. చెట్టుని పీకలేదు. మొత్తం కొమ్మలు ఒకేసారి కొట్టలేదు కూడా. ఒక ఏడు తూర్పు వైపు కొమ్మలు కొట్టి అంటు కట్టాడు, పడమటి వైపు కాపు వస్తూనే ఉంది. రెండో ఏడు ఆ వైపు కట్టాడు. ఇంట్లోకి ఆదాయం తగ్గింది గాని ఆగలేదు. పనిలో ఉన్న నర్సు చదువు కూడా అలా ఉండాలని మా నాన్నకి చెప్పాను. "చెట్టు కదలదు గనక సరిపోయింది, మీ అక్క విజయవాడలో ఉంది కదరా" అన్నాడు.

ఇంతకీ డిగ్రీ వల్ల రోగికి ఒరిగేదేమిటి? ఇది న్యాయమైన ప్రశ్నే. డిగ్రీ ఉంటే సూది నొప్పి లేకుండా గుచ్చుతారా అని ఒక డాక్టరుగారే నాతో వేళాకోళం ఆడారు. ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను. లిండా ఐకెన్ అనే పరిశోధకురాలి బృందం 2014లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. తొమ్మిది ఐరోపా దేశాల్లో 300 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స జరిగిన నాలుగు లక్షల పైచిలుకు రోగుల లెక్కలవి. ఆసుపత్రి నర్సుల్లో డిగ్రీ ఉన్నవారి వాటా 10 శాతం పెరిగితే, చేరిన 30 రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. అదే అధ్యయనంలో, నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే ఆ అవకాశం 7 శాతం ఎక్కువైంది.

సైన్సు విద్యార్థిని గనక రెండు హెచ్చరికలు చేయక తప్పదు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలిపోదు. డిగ్రీ నర్సులు ఎక్కువున్న ఆసుపత్రికి మంచి యంత్రాలూ, మంచి యాజమాన్యమూ కూడా ఉండి ఉండొచ్చు. పరిశోధకులు అలాంటివి లెక్కలోకి తీసుకున్నామంటారు గాని, పూర్తిగా తీసెయ్యడం ఎవరి తరమూ కాదు. పైగా అవి ఐరోపా ఆసుపత్రులు. అయినా నన్ను ఆకర్షించింది ఆ రెండు అంకెలూ పక్కపక్కన ఉండడం. చదువుకున్న నర్సు ఇచ్చే మేలుని, మోయలేనంత భారం వేసి మనమే చెరిపేయవచ్చన్నమాట. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని మన నర్సింగ్ కౌన్సిల్ కొలమానం. అక్క జనరల్ వార్డులో ఉన్న రోజుల్లో రాత్రిపూట ఇరవై రెండు మంచాలకి ఆమె ఒక్కర్తే, తోడు ఒక ఆయా. అలాంటి వార్డులోకి పీహెచ్.డీ. చేసిన నర్సుని పంపినా చెయ్యగలిగేది సెలైన్ సీసాలు మార్చడమే.

మరో ఆక్షేపణ ఉంది. "డిగ్రీ వచ్చిన నర్సు మంచం దగ్గర నిలబడదు, కుర్చీ కోరుతుంది" అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఎందుకు? మన దగ్గర డిగ్రీ నర్సుకి పైమెట్టు అంటే నర్సింగ్ కాలేజీలో బోధన లేదా ఆఫీసు గది. మంచం దగ్గరే ఉంటూ పైకెదిగే మెట్టు కట్టనప్పుడు ఆమె మంచాన్ని వదలక ఏం చేస్తుంది? కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2016లో స్టాఫ్ నర్సు అన్న హోదాని నర్సింగ్ ఆఫీసర్ అని మార్చారు. గౌరవంగా ఉంది, సంతోషమే. పేరుతోపాటు పనిలో అధికారం కూడా ఇవ్వాలి కదా. ఈ లోటు గుర్తించే కాబోలు, నర్సింగ్ కౌన్సిల్ ఆమధ్య క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల రెసిడెన్సీ కోర్సు తెచ్చింది. బి.ఎస్సీ. చేసి, కనీసం ఏడాది పని అనుభవం ఉన్నవాళ్లకి. అందులో తరగతి గది పాలు తక్కువ, వార్డు పాలు ఎక్కువ. వైద్యవిద్యార్థులు పి.జి. చేసేది కూడా వార్డులో పని చేస్తూనే కదా! డాక్టరుకి పనే చదువు అయినప్పుడు నర్సుకి పనీ చదువూ రెండు వేరు వేరు ఊళ్లలో ఎందుకుండాలి?

ఇది కుదరని పనేమీ కాదనడానికి మన పక్కనే సాక్ష్యం ఉంది. తెలంగాణలో కాన్పుల్లో కోతలు ఎంత ఎక్కువో అందరికీ తెలిసిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతమైతే తెలంగాణలో 60.7 శాతం. ఈ బెడద తగ్గించడానికని ఆ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి సంస్థ, యూనిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో మంత్రసాని విద్య మొదలుపెట్టింది. ఎవరికి? కొత్తగా ఇంటర్ పాసైనవాళ్లకి కాదు, అప్పటికే సర్కారు ఆసుపత్రుల్లో పనిచేస్తున్న నర్సులకి. పద్దెనిమిది నెలల శిక్షణ, కాన్పు గదిలోనే. తర్వాత 2018లో కేంద్రం దేశమంతటికీ మంత్రసాని సేవల మీద మార్గదర్శకాలు తెచ్చింది. మన పల్లెల్లో మంత్రసాని అంటే చిన్నచూపు. మా నాయనమ్మకి ఏడు కాన్పులూ చేసింది మంత్రసానే. అదే మాట ఇప్పుడు పద్దెనిమిది నెలలు చదువుకున్న నర్సు పేరు పక్కన చేరడం నాకెంతో ముచ్చటగా ఉంది.

దూరవిద్య సంగతి కూడా రెండు మాటలు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1994లోనే ఉద్యోగంలో ఉన్న డిప్లొమా నర్సుల కోసం పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. పెట్టింది. కనీసం మూడేళ్ల వ్యవధి, పని అనుభవం తప్పనిసరి, పాఠం పోస్టులో వచ్చినా ప్రాక్టికల్స్ మాత్రం నిర్ణయించిన కేంద్రంలో హాజరై చెయ్యాలి. ఆలోచన సరైనది. నర్సింగ్ పోస్టులో నేర్చుకునేది కాదని వాదించేవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను. టెన్త్ పాఠాలు సెల్‌ఫోన్‌లో విన్నవాణ్ణి, తెర మీద చదువు ఎంత పల్చగా ఉంటుందో నాకు తెలియకపోలేదు. నాడి పట్టుకోవడం తెర మీద రాదు. కానీ నాడి పట్టుకోవడం ఏడేళ్ల కిందటే వచ్చినామెకి గణాంకశాస్త్రం పాఠం తెర మీద ఎందుకు రాదు? మనకి లేబొరేటరీ కావాలంటే విశ్వవిద్యాలయం కట్టించాలి. ఆమె లేబొరేటరీలోనే ఉద్యోగం చేస్తోంది. ఆ లేబొరేటరీలో చేసిన పనిని చదువుగా లెక్కగట్టే గురువు కావాలి, అంతే.

కాబట్టి నేననేది ఇది. మూడొందల పడకల ఆసుపత్రి నడిపేవాడెవడైనా, సర్కారు కానీ ప్రైవేటు కానీ, ఏటా తన నర్సుల్లో కొందరిని చదువుకి పంపాలి, పంపడమంటే తరిమేయడం కాదు. వారంలో నాలుగు రోజులు డ్యూటీ, రెండు రోజులు తరగతి అని డ్యూటీ చార్టులోనే రాయాలి. రెండేళ్లది మూడేళ్లవుతుంది, కానివ్వండి. జీతం పూర్తిగా ఇవ్వలేకపోతే ముప్పాతికైనా ఇవ్వాలి. చదువయ్యాక రెండేళ్లో మూడేళ్లో ఇక్కడే చెయ్యాలని ఒప్పందం రాయించుకోవచ్చు, అది న్యాయమే, అయితే సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని కాదు. మా ఊళ్లో కౌలు కాగితం రాసుకుంటారు, భూమి పట్టా లాక్కోరు. ఇక నైట్ డ్యూటీ. పరీక్షకి ముందు పదిహేను రోజులైనా రాత్రి డ్యూటీ వెయ్యకూడదు. ఇది చాలా చిన్న కోరిక, నిజానికి అక్క అడిగింది ఇదొక్కటే. హాజరు పట్టీ మాటకొస్తే, ఆసుపత్రి డ్యూటీ రిజిస్టరూ, కాలేజీ హాజరూ పక్కపక్కన పెట్టి తనిఖీ చేస్తే చాలు, ఒకే మనిషి ఒకే సమయానికి ఐ.సి.యు.లోనూ, క్లాసులోనూ ఉన్నట్టు రాసిన చోట్లన్నీ ఒక్క పూటలో బయటపడతాయి. ఎందుకు పెట్టరో నేను ఊహించగలను గాని రాయను.

ఖర్చెవరు భరిస్తారని అడుగుతారు. 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది, 1947 నాటి పాత చట్టం స్థానంలో. కొత్త చట్టం కింద ప్రమాణాలు రాసేటప్పుడు, కాలేజీకి ఎన్ని గదులుండాలి, ఎన్ని మంచాలుండాలి అన్నవాటితోపాటు, నర్సుల చదువుకి ఆసుపత్రి ఎంత ఖర్చు పెడుతోంది అన్న వరస కూడా చేర్చవచ్చు. ఆసుపత్రి కొత్త స్కానింగ్ యంత్రం కొన్నప్పుడు దాని ఖర్చెవరిదని ఎవరూ అడగరు. నాలుగు రోడ్ల కూడలిలో దాని బొమ్మ పెద్ద ఫ్లెక్సీ కట్టిస్తారు. ఫలానా ఆసుపత్రిలో ఇంతమంది నర్సులు డిగ్రీ పూర్తి చేశారని ఫ్లెక్సీ నేనింతవరకు చూడలేదు.

మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, ఆసుపత్రుల్లో వాటాలున్నవారున్నారు, సచివాలయంలో పనిచేసేవారున్నారు. ఈ సంచిక వాళ్ల ఇళ్లకి వెళుతుందని తెలిసే ఇదంతా రాశాను. ఐతే వాళ్లు చేసేవరకు మనం కూర్చోనక్కర్లేదు. మన మైక్రోబయాలజీ లేబొరేటరీ ఆదివారాలు తాళం వేసే ఉంటుంది. లైబ్రరీ సాయంత్రం ఆరింటికే మూసేస్తారు. ఊళ్లో మూడు పెద్ద ఆసుపత్రులున్నాయి. చదువుకుంటున్న నర్సులకి ఆదివారం పూట లేబొరేటరీలో రెండు గంటలు, లైబ్రరీలో ఒక టేబులు ఇవ్వమని విద్యార్థి సంఘం తరఫున ప్రిన్సిపాల్‌గారికి అర్జీ పెడదామని ప్రతిపాదిస్తున్నాను. నోట్సు తెలుగులో చెప్పడానికి మా తరగతి నుంచి నలుగురం ఒప్పుకున్నాం. ఇద్దరు లెక్చరర్లు కూడా వస్తామన్నారు, పేర్లు ఇప్పుడే వెయ్యొద్దన్నారు.

అక్క దరఖాస్తు ఇంకా నింపలేదు. ఈ ఏడు మామిడి పూత బాగానే వచ్చింది. తోట బేరం ముందే మాట్లాడమని నాన్న అంటున్నాడు, వద్దని అక్క అంటోంది. అర్జీ కాగితం నా దగ్గరుంది, సంతకాలు చేసేవాళ్లు బి బ్లాకు పదిహేడో నంబరు గదికి రావచ్చు.